√16 విలువ ఒక్కటే, య² = 16కు మాత్రం జవాబులు రెండు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో కొన్ని వారాల కిందట ఇచ్చిన పదో తరగతి గణితం నమూనా ప్రశ్నల జవాబులలో √16 = ±4 అని అచ్చయింది. దానిని తప్పుపడుతూ ఒక పాఠక మిత్రుడు రాసిన ఉత్తరం ఆ తరువాత ఇదే శీర్షికలో వచ్చింది. √16 = 4 మాత్రమేనని ఆయన రాసినంతవరకు సరిగానే ఉంది. అయితే అదే ఊపులో, య² = 16 అనే సమీకరణానికి కూడా 4 ఒక్కటే జవాబు అని, −4 పిల్లలను తికమక పెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఆయన ముగించారు. నమూనా జవాబులోని తప్పు ఎంత పెద్దదో ఈ సవరణలోని తప్పూ అంత పెద్దదే. రెండూ అచ్చులో వచ్చేసరికి, చెన్నైలో సాయంత్రం పూట నా దగ్గర లెక్కలు చెప్పించుకునే తెలుగు పిల్లలలో కొందరు మొదటిదాన్ని, కొందరు రెండోదాన్ని పట్టుకుని, పేపర్లోనే వేశారు కదా మిస్ అని వాదనకు దిగుతున్నారు. అందువల్ల ఈ విషయాన్ని కాస్త వివరంగా రాయవలసి వచ్చింది. నిడివి ఎక్కువైనా మన్నించి, వీలైనంతవరకు పూర్తిగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

తెలియని సంఖ్యను ఈ ఉత్తరమంతటా ‘య’ అని రాస్తాను. ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఏ సంఖ్యను దానితోనే గుణిస్తే 16 వస్తుంది అనేది మొదటి ప్రశ్న. 4 × 4 = 16, (−4) × (−4) = 16 కాబట్టి దీనికి రెండు జవాబులున్నాయి. ఇంకేదైనా ఉందేమోనన్న అనుమానం కూడా అక్కరలేదు. య² − 16 = 0 అని రాసి కారణాంకాలుగా విడగొడితే (య − 4)(య + 4) = 0 అవుతుంది. రెండు సంఖ్యల లబ్ధం సున్నా కావాలంటే వాటిలో ఒకటైనా సున్నా కావాలి కాబట్టి, య విలువ 4 అయినా కావాలి, −4 అయినా కావాలి, మూడో సంఖ్యకు చోటు లేదు. √16 అని రాస్తే దాని విలువ ఎంత అనేది రెండో ప్రశ్న. ఇందులో కనుక్కోవలసిన య లేదు, పరిష్కరించవలసిన సమీకరణమూ లేదు. 16కు ఉన్న రెండు వర్గమూలాలలో ధన వర్గమూలాన్ని మాత్రమే √ గుర్తుతో రాయాలని ప్రపంచమంతటా గణితం రాసేవారు పాటిస్తున్న ఒప్పందం ఒకటుంది. దానినే ప్రధాన వర్గమూలం అంటారు. రుణ వర్గమూలం కావలసినప్పుడు −√16 అని రాస్తాం, రెండూ కావలసినప్పుడు ±√16 అని రాస్తాం. చాలా ఏళ్లు దేశమంతటా వాడుకలో ఉన్న ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి పుస్తకం √4 = 2 అని రాసి, పక్కనే −2 కాదని కూడా చెప్పింది. ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి వివరించే తీరిక తరగతి గదిలో లేకపోవడం వల్లనే పదో తరగతికి వచ్చేసరికి పిల్లలు ఇటో అటో ఒరిగిపోతున్నారు.

ఒక సంఖ్యకు రెండు వర్గమూలాలుంటాయన్నది మన దేశంలో చాలా పాత మాట. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహంలో ధన సంఖ్య వర్గమైనా రుణ సంఖ్య వర్గమైనా ధనమే అవుతుందని, ఆ వర్గాలకు మూలాలు వరుసగా ధనమూ రుణమూ అవుతాయని, రుణ సంఖ్య స్వభావరీత్యా వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదని ఉంది. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. 1150లో భాస్కరాచార్యుడు బీజగణితంలో ‘స్వమూలే ధనర్ణే’ అని, అంటే ధన సంఖ్యకు మూలాలు ధనమూ రుణమూ రెండూ అని, ఒక చిన్న సమాసంలో ఇమిడ్చి చెప్పాడు. మనం ఇప్పుడు రాస్తున్న √ గుర్తు వీరెవరికీ తెలియదు. అది 1525లో జర్మన్ గణితజ్ఞుడు క్రిస్టాఫ్ రుడోల్ఫ్ అచ్చు వేయించిన బీజగణిత గ్రంథంలో కనిపిస్తుంది. కనుక −4 ఎవరో మధ్యలో తెచ్చి తగిలించినది కాదు. గుర్తు పుట్టకముందే, ఎన్నో వందల ఏళ్లుగా, అది 16కు వర్గమూలంగానే ఉంది. గుర్తును రెండింటిలో ఒకదానికే కేటాయించడం ఆ తరువాత రాతలో వచ్చిన కట్టుబాటు.

ఆ కట్టుబాటు ఎందుకు అవసరమైందో పిల్లలకు చెప్పకపోతే, అది పెద్దలు పెట్టిన మరో నిబంధనగానే వారికి మిగిలిపోతుంది. √2 + √3 అని రాశామనుకోండి. ఒక్కో గుర్తుకు రెండేసి విలువలుంటే ఆ మొత్తం నాలుగు సంఖ్యలలో ఏదైనా కావచ్చు. మూడు గుర్తులుంటే ఎనిమిది వరకు పోతుంది. అప్పుడు రెండు రాశులు సమానమని రాయడానికే వీలుండదు. అరవై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు గల స్థలానికి కర్ణం √5200 అడుగులు అని రాసినప్పుడు, అది సుమారు 72 అడుగులని చదివినవారందరూ ఒకేలా అర్థం చేసుకోవాలి. క్యాలిక్యులేటర్‌లో 16 కొట్టి √ మీట నొక్కితే 4 అని మాత్రమే చూపించేదీ ఇందుకే. దానికి −4 తెలియక కాదు, ఆ మీటకు ఇచ్చిన పని ప్రధాన వర్గమూలాన్ని చూపించడం.

చెన్నైలో ఉంటూ ఈ సంగతి రాస్తున్నప్పుడు రామానుజన్‌ను తలచుకోకుండా ఉండలేను. 1911లో, ఉద్యోగం లేక, నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు గారు నెలనెలా ఇచ్చే సాయంతో మద్రాసులో గడుపుతున్న రోజులలో, రామానుజన్ ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో పాఠకులకు ఒక ప్రశ్న ఇచ్చారు. వర్గమూలం గుర్తు లోపల మరో గుర్తు, దాని లోపల ఇంకొకటి, ఇలా అంతులేకుండా సాగే √(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …)))) విలువ ఎంత అన్నదే ఆ ప్రశ్న. జవాబు 3. పదో తరగతి విద్యార్థి కూడా దానిని వెనక నుంచి అల్లుకుంటూ రావచ్చు. 3ను √9 అని రాయండి. 9ను 1 + 2 × 4గా విడగొట్టండి. అందులోని 4ను √16 అని రాయండి. 16ను 1 + 3 × 5గా విడగొట్టండి. ఆ 5ను √25 అని రాసి, 25ను 1 + 4 × 6 చేయండి. ఇలా ఎంత లోపలికి వెళ్లినా రామానుజన్ రాసిన వరుసే కనిపిస్తుంది. అంతులేని వరుసకు కూడా ఇదే విలువ అని రుజువు చేయడానికి ఇంకొంత పని ఉంది కానీ, మన విషయానికి ఇంతవరకు చాలు. ప్రతి మెట్టులోనూ √9 అంటే 3, √16 అంటే 4, √25 అంటే 5 అని ఒకే విలువ తీసుకున్నాం కాబట్టి ఈ అల్లిక నిలబడింది. √16 దగ్గర ఎవరైనా −4 తీసుకుంటే 1 + 2 × (−4) = −7 వస్తుంది, దానికి వాస్తవ సంఖ్యలలో వర్గమూలమే లేదు, లెక్క అక్కడే తెగిపోతుంది. √ గుర్తుకు ఒకే విలువ అన్న కట్టుబాటు లేకుంటే ఆ ప్రశ్నను అడగడమే కుదిరేది కాదు.

ఇక ± ఎక్కడి నుంచి వస్తుందన్నది అసలు చిక్కు. వర్గ సమీకరణ సూత్రాన్ని పిల్లలు నిద్రలో లేపి అడిగినా ‘మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఆఫ్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, హోల్ బై టూ ఏ’ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. √ గుర్తులోనే ధనమూ రుణమూ రెండూ ఉంటే, దాని ముందు ప్లస్ ఆర్ మైనస్ అని మళ్లీ విడిగా ఎందుకు పెట్టారు అని అడిగితే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. ఆ ప్రశ్న అడిగిన తరువాత √16 = ±4 అని రాసే అలవాటు దానంతట అదే పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. మీ నమూనా జవాబు తయారుచేసినవారు కూడా ఈ సూత్రాన్ని ఒక్కసారి గుర్తు చేసుకుని ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

తరగతులలో, ముఖ్యంగా కోచింగ్ క్లాసులలో, ‘స్క్వేర్ అటు పోతే రూట్ అవుతుంది’ అనే మాట బాగా చలామణిలో ఉంది. తికమక అంతటికీ మూలం నాకు తెలిసి ఆ మాటే. స్క్వేర్ ఎటూ పోదు. య² = 16 ఉన్నప్పుడు రెండు వైపులా ప్రధాన వర్గమూలం తీసుకుంటాం. కుడివైపు √16, అంటే 4 వస్తుంది. ఎడమవైపు √(య²) వస్తుంది. ఇది య కాదు, య పరమ మూల్యం, అంటే సున్నా నుంచి య ఉన్న దూరం. దానిని |య| అని రాస్తాం. ఎందుకంటే య స్థానంలో −4 పెట్టి చూస్తే య² = 16, దాని ప్రధాన వర్గమూలం 4, మనం మొదలుపెట్టిన −4 కాదు. కనుక మనకు దొరికేది |య| = 4. సంఖ్యారేఖ మీద సున్నాకు 4 ప్రమాణాల దూరంలో ఉన్న బిందువులు రెండు కాబట్టి య = 4 లేదా య = −4. ± పుట్టేది ఈ మెట్టులో, ఎడమవైపున, య ధనమో రుణమో మనకు తెలియకపోవడం వల్ల. కుడివైపున ఉన్న √16కు దానితో సంబంధం లేదు. ఈ మధ్య మెట్టును వదిలేసి నేరుగా య = ±4 అని రాయించడం వల్ల, ± అనేది √16 నుంచి ఊడిపడిందని పిల్లలు అనుకుంటున్నారు. పాఠక మిత్రుడి ఉత్తరంలో జరిగిందీ ఇదే. √16కు ± లేదు కాబట్టి సమీకరణానికీ ఉండదని ఆయన అనుకున్నారు. రెండు తప్పులూ ఒకే కొమ్మకు కాసినవే.

పరమ మూల్యం మెట్టును దాటేస్తే ఏం జరుగుతుందో చూపడానికి ఒక లెక్క ఉంది. 16 − 36, 25 − 45 రెండూ −20కి సమానం. రెండింటికీ 81/4 కలిపితే, 16 − 36 + 81/4 అనేది (4 − 9/2)² అవుతుంది, 25 − 45 + 81/4 అనేది (5 − 9/2)² అవుతుంది. ఇవి రెండూ సమానమే, ఇంతవరకు ఎక్కడా తప్పు లేదు. ఇప్పుడు ‘స్క్వేర్లు కొట్టేస్తే’ 4 − 9/2 = 5 − 9/2, రెండు వైపులా 9/2 కలిపితే 4 = 5. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇచ్చి తప్పు పట్టమంటే, మొదట గుణకారాలన్నీ తనిఖీ చేస్తారు, భిన్నాలు తనిఖీ చేస్తారు, ఏదీ దొరకదు. 4 − 9/2 అంటే −½, 5 − 9/2 అంటే ½ అని రాసి చూసుకున్నప్పుడే, వర్గాలు సమానమైతే సంఖ్యలు సమానం కావాలనేమీ లేదని, వాటి పరమ మూల్యాలు మాత్రమే సమానమని తెలుస్తుంది. వర్గం చేయగానే సంఖ్య ముందున్న ధన, రుణ గుర్తు చెరిగిపోతుంది, తిరిగి వచ్చేటప్పుడు అది ఏమిటో మనం వేరే ఆధారంతో తేల్చుకోవాలి.

ఇదే పొరపాటు పరీక్షలలో వేరే రూపాలలో ఎదురవుతుంది. √(3 − 2√2)ను సూక్ష్మీకరించమన్నారనుకోండి. 3 − 2√2 అనేది (1 − √2)²కు సమానం కాబట్టి జవాబు 1 − √2 అని చాలామంది రాస్తారు. √2 సుమారు 1.414 కాబట్టి 1 − √2 రుణ సంఖ్య, √ గుర్తు విలువ రుణం కాజాలదు. సరైన జవాబు √2 − 1. ప్లస్ వన్‌లో త్రికోణమితి మొదలయ్యాక సైన్ విలువ ఇచ్చి కొసైన్ అడిగినప్పుడు ఇదే మళ్లీ ఎదురవుతుంది. పదో తరగతిలో కోణాలన్నీ లఘుకోణాలు కావడంతో √(1 − సైన్²) అని ధన విలువ రాస్తే సరిపోయింది. 120° కోణానికి సైన్ విలువ √3/2, కొసైన్ విలువ మాత్రం −½. ఇక్కడ గుర్తును నిర్ణయించేది √ కాదు, కోణం ఏ పాదంలో ఉందన్న సంగతి. ఆ తరువాత, రుణ సంఖ్యలకూ వర్గమూలాలుండే సంకీర్ణ సంఖ్యలకు వెళ్లినప్పుడు √(−4) × √(−9)ను √36 అని రాసి 6 తెచ్చేవారికి కూడా, నిజానికి అది −6 అని, √అ × √క = √(అక) అనే నియమం రెండూ రుణం కానప్పుడే పనిచేస్తుందని చెప్పవలసి వస్తుంది. దానికి ఇంతకంటే ఎక్కువ చోటు ఇక్కడ తీసుకోను.

√ గుర్తు ఉన్న సమీకరణాలను రెండు వైపులా వర్గం చేసి పరిష్కరించే పద్ధతి దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. √(య + 7) = య − 5 తీసుకోండి. రెండు వైపులా వర్గం చేస్తే య + 7 = య² − 10య + 25, సర్దితే య² − 11య + 18 = 0, కారణాంకాలు (య − 9)(య − 2). కాబట్టి 9, 2 అని రాసి గీత గీసి పక్క లెక్కకు వెళ్లిపోతారు. 9ని మొదటి సమీకరణంలో పెడితే √16 = 4, కుడివైపు 9 − 5 = 4, సరిపోయింది. 2 పెడితే ఎడమవైపు √9 = 3, కుడివైపు 2 − 5 = −3. సరిపోదు. కనుక జవాబు 9 ఒక్కటే. √9 = ±3 అని నేర్చుకున్న పిల్లవాడు ఇక్కడ −3 కూడా ఉంది కదా అని 2ను కూడా ఉంచేస్తాడు, వాడికి తప్పు దొరికే దారే లేదు. మరి ఆ 2 ఎక్కడి నుంచి వచ్చింది? −√(య + 7) = య − 5 అనే వేరే సమీకరణానికి అది జవాబు. వర్గం చేసినప్పుడు రెండు సమీకరణాలూ ఒకే రూపంలోకి వచ్చి కలిసిపోయాయి, అందుకే రెండింటి జవాబులూ బయటపడ్డాయి. ఈ చివరి మాట చెప్పినప్పుడు పిల్లల కళ్లలో కనిపించే వెలుగు కోసమే, పదవీ విరమణ చేసి ఇన్నేళ్లయినా, ఇంకా చెబుతున్నాను.

పాఠక మిత్రుడు −4ను ‘పనికిరానిది’ అన్నారు. ఎన్నో ఏళ్లు ఈ పాఠం చెప్పినదానిగా నాకు ఆ మాట బాధ కలిగించింది. పొడవు, వెడల్పు, వయసు అడిగే లెక్కలలో రుణ మూలాన్ని వదిలేస్తాం, నిజమే. కానీ వదిలేసే ముందు అదేం చెబుతోందో చూడడం నేర్పాలి. చెన్నైలో స్థలాలను గ్రౌండ్ల లెక్కన కొంటారని ఇక్కడి తెలుగువారందరికీ తెలుసు. ఒక గ్రౌండ్ 2400 చదరపు అడుగులు. ఒక గ్రౌండ్ స్థలంలో పొడవు వెడల్పు కంటే 20 అడుగులు ఎక్కువ అయితే వెడల్పు ఎంత? వెడల్పు య అనుకుంటే య(య + 20) = 2400. రెండు వైపులా 100 కలిపితే (య + 10)² = 2500, కాబట్టి య + 10 = ±50, అంటే య = 40 లేదా −60. వెడల్పు −60 అడుగులు ఉండదు కాబట్టి జవాబు 40. కానీ ఆ −60ను ఒకసారి గమనించండి. స్థలం పొడవు సరిగ్గా 60 అడుగులు. య స్థానంలో −60 పెడితే య + 20 = −40, వాటి లబ్ధం 2400. అదే స్థలం కొలతలు, గుర్తులు మారి, వరుస మారి ఎదురుగా నిలబడ్డాయి. రుణ మూలం చెత్త అయితే ఇలా జరగదు. ఈ లెక్కను ఏ కొలతతో చేసినా ఇలాగే వస్తుంది, ఎందుకు వస్తుందో కనుక్కోమని పిల్లలకు ఇంటిపనిగా ఇవ్వవచ్చు.

రుణం కాబట్టి కొట్టేయాలి, ధనం కాబట్టి ఉంచాలి అనే సూత్రం కూడా నమ్మదగినది కాదు. భాస్కరాచార్యుడు ఇచ్చిన రెండు కోతుల లెక్కలు దీనికి సాక్ష్యం. మొదటి దానిలో, గుంపులో ఎనిమిదో వంతుకు వర్గమైనన్ని కోతులు అడవిలో ఆడుకుంటున్నాయి, మిగిలిన 12 కొండ మీద ఉన్నాయి, మొత్తం ఎన్ని? 48 అనుకుంటే ఆరు వర్గం 36, 12 కలిపితే 48. 16 అనుకుంటే రెండు వర్గం 4, 12 కలిపితే 16. రెండూ జవాబులే. రెండో లెక్కలో, గుంపులో ఐదో వంతు నుంచి మూడు తీసేసి, మిగిలినదానికి వర్గమైనన్ని కోతులు గుహలోకి వెళ్లాయి, ఒకటి కొమ్మ మీద కనిపిస్తోంది. సమీకరణం 50, 5 అని రెండు విలువలు ఇస్తుంది. 50 అయితే పది నుంచి మూడు పోగా ఏడు, దాని వర్గం 49, కొమ్మ మీదిది కలిపితే 50. 5 అయితే ఐదో వంతు ఒకటి, అందులో నుంచి మూడు తీసేస్తే −2, దాని వర్గం 4, ఒకటి కలిపితే 5. అంకెలు సరిపోయాయి, కానీ ఒక కోతి నుంచి మూడు కోతులను తీసేయడం లోకంలో కుదరదు కాబట్టి భాస్కరుడు ఆ రెండో విలువను తీసుకోరాదన్నాడు. 5 ధన సంఖ్యే, అయినా వదిలేశాడు, ఎందుకు వదిలేశాడో కారణం చెప్పి మరీ వదిలేశాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఆయన చూపిన ఈ జాగ్రత్త మన గైడ్లలో కనిపించదు. ‘నెగటివ్ వాల్యూ కొట్టేయాలి’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు.

భౌతికశాస్త్రంలో రుణ మూలానికి అర్థం ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. 20 మీటర్ల ఎత్తు నుంచి రాయి వదిలితే, గురుత్వ త్వరణం 10 అనుకుంటే, 20 − 5య² = 0 నుంచి య² = 4, రాయి నేలను తాకేది 2 సెకన్లకు. −2కు ఇక్కడ పని లేదు, వదలకముందు రాయి చేతిలోనే ఉంది. అదే, నేల నుంచి పైకి విసిరిన బంతి 20 మీటర్ల ఎత్తుకు చేరి ఒక్క క్షణం ఆగిన సమయం నుంచి గడియారం మొదలుపెడితే, సమీకరణం అదే, కానీ ఇప్పుడు −2 అంటే బంతి నేలను విడిచిన క్షణం. సమీకరణం మారలేదు, మూలాలు మారలేదు, ప్రశ్న మారింది. ఉంచాలా తీసేయాలా అన్నది ప్రశ్న చదివితే తప్ప తేలదు.

కాబట్టి నా విన్నపాలు ఇవి. మీ విద్యార్థుల పేజీలో ఆ నమూనా జవాబుకు సవరణ వేయండి. దానితోపాటు సమీకరణానికి రెండు జవాబులున్నాయన్న సంగతి కూడా అదే చోట వేయండి, లేకుంటే ఒక తప్పును దిద్దబోయి రెండోదాన్ని స్థిరపరచినట్లవుతుంది. ఇకముందు ఆ పేజీలో వర్గ సమీకరణాల జవాబులు ఇచ్చేటప్పుడు |య| = 4 వంటి మధ్య మెట్టును వదలకుండా అచ్చు వేయించండి, ఒక పంక్తి చోటుకు మించి పట్టదు.

ఇక్కడి తెలుగు పిల్లలు కొందరు స్టేట్ బోర్డులో, కొందరు సీబీఎస్ఈలో, కొందరు ఇంగ్లీషు మీడియంలో, కొద్దిమంది ఇంకా తెలుగు మీడియంలో చదువుతున్నారు. బడి ఏదైనా, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే అమ్మానాన్నలు చాలామంది తాము చిన్నప్పుడు నేర్చుకున్నదే చెబుతారు, వారికి అందుబాటులో ఉన్నది మీ పేజీయే. అందుకే దానిలో వచ్చే ప్రతి పంక్తికీ ఇంత విలువ ఇస్తున్నాను.

ఉపాధ్యాయ మిత్రులకు కూడా ఒక మాట. తొమ్మిదో తరగతిలో √2 వంటి కరణులు మొదలుపెట్టే ముందు ఒక్క పీరియడ్ పూర్తిగా దీనికి కేటాయించండి. య² = 16, √16, √(య²), √య = −4 అనే నాలుగింటినీ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఒక్కోదానికి ఎన్ని జవాబులున్నాయో పిల్లలనే తేల్చమనండి. చివరిదానికి ఒక్క జవాబు కూడా లేదని వారే కనుక్కుంటారు. ఒక మార్కు ప్రశ్నలలో 4, −4, ±4 అని మూడూ ఎంపికలుగా ఇచ్చి √16 అడగడం వల్ల ఎవరికి తెలుసో ఎవరు ఊహించారో తేలదు. దానికి బదులు √(య + 7) = య − 5 వంటి లెక్క ఇచ్చి, పరిష్కరించినందుకు కొన్ని మార్కులు, వచ్చిన విలువలను మొదటి సమీకరణంలో పెట్టి సరిచూసి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో కారణంతో రాసినందుకు ఒక మార్కు విడిగా కేటాయించాలని ప్రశ్నపత్రాలు తయారుచేసేవారిని, జవాబు పత్రాలు దిద్దేవారిని కోరుతున్నాను. ఇప్పుడు ఆ పంక్తికి మార్కు లేదు కాబట్టి, వచ్చినవారు కూడా దానిని రాయకుండా వదిలేస్తున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయిని,
పెరంబూరు, చెన్నై.